ప్రేమ ఒక పక్క, కాగితాలు ఒక పక్క

ఇద్దరూ 1939లో పుట్టారు. ఇద్దరి తండ్రులూ లా చదివినవాళ్లే, ఇద్దరూ హిట్లర్ కొలువులో పెద్ద పదవులు చేసినవాళ్లే. ఇద్దరి బాల్యమూ కోటల్లో, కార్లలో, నౌకర్ల మధ్య గడిచింది. ఆరేడేళ్లు వచ్చేసరికి ఆ వైభవమంతా కూలిపోయింది. డెబ్భై దాటిన వయసులో కెమెరా ముందుకొచ్చిన ఈ ఇద్దరిలో ఒకరు తండ్రిని మనసారా అసహ్యించుకుంటారు, ఇంకొకరు మనసారా ప్రేమిస్తారు. మొదటివారు నిక్లాస్ ఫ్రాంక్, రెండోవారు హార్స్ట్ ఫాన్ వెఖ్టర్. వీళ్లిద్దరినీ ప్రశ్నలు అడిగే మూడో మనిషి లండన్ న్యాయవాది ఫిలిప్ శాండ్స్. తూర్పు ఐరోపాలో ఉండిపోయిన ఆయన తాతగారి బంధువర్గాన్ని ఆ ఇద్దరు తండ్రుల ఏలుబడే దాదాపు తుడిచిపెట్టేసింది.

2015లో వచ్చిన 'వాట్ అవర్ ఫాదర్స్ డిడ్: ఎ నాజీ లెగసీ' అనే డాక్యుమెంటరీ ఈ ముగ్గురి కథ. దర్శకుడు డేవిడ్ ఎవాన్స్, రచన శాండ్స్‌దే. గంటన్నర సినిమా. నాజీల సంతానం మీద చిత్రాలు చాలానే వచ్చాయి. వాటిలో దీన్ని ప్రత్యేకంగా చూడమని చెప్పడానికి కారణం దీని పనితనం. యూదుల ఊచకోత జరిగిందని రుజువు చేసే పని ఈ సినిమా పెట్టుకోలేదు. ఆ పని చరిత్రకారులు, న్యాయస్థానాలు ఎప్పుడో చేసేశాయి. తిరుగులేని రుజువు కళ్లెదుట పెట్టినా మనిషి దాన్ని ఎలా పక్కకు నెట్టగలడు, ఆ నెట్టే చేతిలో ప్రేమ పాలెంత అన్నదే ఈ సినిమా ప్రశ్న. దాన్ని మాటల్లో చెప్పకుండా మనిషి ముఖంలో, కుర్చీలో కదిలే తీరులో, జవాబుకు ముందు తీసుకునే ఊపిరిలో చూపించారు.

ముందు తండ్రుల సంగతి. హాన్స్ ఫ్రాంక్ హిట్లర్‌కు సొంత లాయరు. 1939 అక్టోబరులో పోలండ్‌లో జర్మనీ ఆక్రమించిన ప్రాంతానికి గవర్నర్ జనరల్ అయ్యాడు. పోలండ్ రాజులు ఏలిన క్రాకోవ్ నగరంలోని వావెల్ కోటలో కాపురం పెట్టాడు. ఒక పోలిష్ సంపన్న కుటుంబం నుంచి దోచిన లియొనార్డో డావించీ చిత్రం, ముంగిసలాంటి తెల్లటి జంతువును ఒళ్లో పెట్టుకున్న యువతి బొమ్మ, ఆయన దగ్గర చాన్నాళ్లు వేలాడింది. న్యూరెంబర్గ్ న్యాయస్థానం యుద్ధ నేరాలకూ, మానవాళిపై నేరాలకూ దోషిగా తేల్చి, 1946 అక్టోబరు 16న ఉరి తీయించింది.

ఒట్టో ఫాన్ వెఖ్టర్ ఆస్ట్రియావాడు. 1934లో వియన్నాలో నాజీలు చేసిన తిరుగుబాటులో పాత్రధారి. యుద్ధం మొదలయ్యాక ముందు క్రాకోవ్‌కు గవర్నరు, 1942 జనవరి నుంచి, ఇప్పటి ఉక్రెయిన్ పశ్చిమాన ఉన్న గలీషియాకు గవర్నరు. పన్నెండేళ్లు దాటిన యూదులంతా నీలి నక్షత్రం ఉన్న తెల్ల పట్టీ చేతికి కట్టుకోవాలని 1939 నవంబరులో క్రాకోవ్‌లో ఇచ్చిన ఆజ్ఞ కింద ఆయన పేరుంది. 1941 మార్చిలో క్రాకోవ్ యూదులను ఘెట్టోలోకి తోసిన ఆజ్ఞ కిందా ఆయన పేరే. గలీషియాలో ఆయన గవర్నరుగా ఉన్నకాలంలోనే అక్కడి ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) అధిపతి ఫ్రిట్జ్ కాట్జ్‌మన్ 1943 జూన్‌లో పైవాళ్లకు నివేదిక పంపాడు. అప్పటికి 4,34,329 మంది యూదులను 'తరలించాం' అన్నది అందులోని లెక్క. తరలింపు అంటే ఎక్కడికో రాసినవాడికీ తెలుసు, చదివినవాళ్లకూ తెలుసు. యుద్ధానంతరం పోలండ్ వెఖ్టర్‌ను అప్పగించమని అడిగింది. ఆయన దొరకలేదు. కొన్నేళ్లు ఆల్ప్స్ కొండల్లో తలదాచుకుని, రోమ్ చేరి, 1949 జులైలో మారుపేరుతో అక్కడి ఆసుపత్రిలో పోయాడు.

ఇద్దరు కొడుకులనూ వేరు చేసిన మొదటి సంగతి ఇక్కడే ఉంది. నిక్లాస్ తండ్రికి తీర్పు జరిగింది. హార్స్ట్ తండ్రికి జరగలేదు. తీర్పు లేనిచోట కొడుకు వకాల్తా పుచ్చుకోవడానికి చోటు మిగిలింది. ఈ మాట సినిమాలో ఎవరూ వేలెత్తి చూపించి చెప్పరు. కానీ రెండు జీవితాలనూ పక్కపక్కన పేర్చిన తీరులోనే అది మనకు అందుతుంది.

ఆరంభం ఆల్బమ్‌లతో. పాత ఫొటోలు, కదిలే బొమ్మలు. సెలవుల్లో సరదాలు, నవ్వుతున్న తల్లి, మంచు, ఎండ. పేజీ తిప్పితే యూనిఫాంలు, స్వస్తిక జెండాలు. రెండూ ఒకే ఆల్బమ్‌లో, ఒకే జిగురుతో, ఒకే శ్రద్ధతో అంటించి ఉంటాయి. ఎవాన్స్ ఇక్కడ తొందరపడడు. భయపెట్టే సంగీతం పెట్టి 'చూశారా రాక్షసులు' అనడు. ఒకరి ఇంటికెళ్తే పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని ఆల్బమ్ చూపించినట్టే మనమూ చూస్తాం. ఆ చనువు మనకు కలిగించడం చాలా అవసరం. ఎందుకంటే హార్స్ట్‌కు ఆ ఫొటోలు చరిత్ర కావు, ఇల్లు. ఇల్లు పోగొట్టుకున్న పిల్లవాడి ఆరాటం ఆయనలో ఎంత పచ్చిగా ఉందో ముందు మనకు తెలిస్తేనే, తర్వాత ఆయన మొండితనం మనల్ని నిజంగా కలవరపెడుతుంది. డౌన్టన్ ఆబీ సీరియల్లో కొన్ని భాగాలకు దర్శకత్వం వహించిన ఎవాన్స్‌కు పెద్ద ఇళ్లలో మనుషులు ఎలా తిరుగుతారో, గదులు మనుషుల గురించి ఏం చెబుతాయో బాగా తెలుసు. ఆ చూపు ఇక్కడ పనికొచ్చింది.

హార్స్ట్ ఉండేది వియన్నాకు ఉత్తరాన హాగెన్‌బెర్గ్ అనే ఊళ్లో, పదిహేడో శతాబ్దం నాటి పాత కోటలో. కోట అనగానే దర్జా అనుకోకూడదు. అది శిథిలమవుతున్న కట్టడం, ఆయన దాన్ని ఎలాగోలా నిలబెట్టుకుంటూ వస్తున్నారు. మనిషి మెత్తన. అతిథి మర్యాద తెలిసినవాడు. శాండ్స్‌ను ఆదరంగా లోపలికి పిలుస్తారు. తల్లి దాచిన ఆల్బమ్‌లు, ఉత్తరాలు, కాగితాలు ఏవీ దాచుకోరు. ఈ సినిమాకు ప్రాణమంతా ఈ వైరుధ్యంలోనే ఉంది. నిజాన్ని దాచిపెట్టాలనుకునే మనిషి బీరువాకు తాళం వేస్తాడు. ఈయన బీరువాలన్నీ తెరిచి, 'చూడండి, మా నాన్న మంచివాడని మీకే తెలుస్తుంది' అంటారు. దాచడం వేరు, ఒప్పుకోకపోవడం వేరని ఈ ఒక్క మనిషి ద్వారా తెలుస్తుంది. తెలియకపోవడం వల్ల పుట్టిన నిరాకరణ అయితే కాగితం చూపించగానే పోవాలి. ఇది అలా పోయే రకం కాదు.

నిక్లాస్ ఇందుకు పూర్తిగా ఎదురు. జర్మనీలో 'ష్టెర్న్' పత్రికలో పాత్రికేయుడిగా పనిచేశారు. 1987లో తండ్రి మీద రాసిన పుస్తకంతో దేశంలో పెద్ద దుమారమే రేగింది. కన్న తండ్రిని అంత నిర్దయగా తిట్టడం ఏమిటని చాలామంది నొచ్చుకున్నారు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఫొటో ఉంటుంది. ఉరి తీశాక తీసిన తండ్రి శవం ఫొటో. అతను చచ్చిపోయాడని రూఢి చేసుకోవడానికి దాన్ని చూస్తానంటారు. మరణశిక్షకు తాను వ్యతిరేకమని, తన తండ్రి విషయంలో తప్ప అని కూడా అంటారు. జైల్లో తండ్రిని చివరిసారి చూసినప్పుడు నిక్లాస్‌కు ఏడేళ్లు. త్వరలో అందరం కలిసి క్రిస్మస్ చేసుకుందామని తండ్రి నవ్వుతూ అన్నాడట. ఉరి ఖాయమని ఆయనకూ తెలుసు, పిల్లవాడికీ తెలుసు. ఎందుకు అబద్ధం చెబుతున్నాడని ఆ పిల్లవాడు అప్పుడే అనుకున్నాడు.

సాదాసీదా దర్శకుడైతే నిక్లాస్‌ను నాయకుడిగా, హార్స్ట్‌ను ప్రతినాయకుడిగా నిలబెట్టి చేతులు దులుపుకునేవాడు. ఎవాన్స్ అలా చేయలేదు. నిక్లాస్ తండ్రి ఆయన్ను దగ్గరకు తీయలేదు. తన బిడ్డ కాడేమోనన్న అనుమానంతో పరాయివాడిలా చూశాడు. ప్రేమ దొరకని కొడుక్కి తండ్రి మీద తీర్పు చెప్పడం కొంత తేలిక. హార్స్ట్‌కు ప్రేమ దొరికింది, లేదా దొరికిందని ఆయన నమ్మకం. ఆ ప్రేమకు ఆయన ఇంకా కిస్తీలు కడుతూనే ఉన్నారు. మరోవైపు, శవం ఫొటో జేబులో పెట్టుకుని తిరిగే మనిషి కూడా తండ్రి నుంచి విడిపోయినవాడేమీ కాదు. ద్వేషం కూడా ముడే. ఇద్దరి గొంతుల్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తూ, మనల్ని ఏ ఒక్కరి పక్కనా సుఖంగా కూర్చోనివ్వకపోవడం ఈ కూర్పులోని గొప్ప నేర్పు. నిక్లాస్ చెప్పేది నిజమని మనకు తెలుసు. అయినా ఆయన కఠినత్వం చూస్తే గుండె బరువెక్కుతుంది. హార్స్ట్ చెప్పేది నిజం కాదని తెలుసు. అయినా ఆ మనిషి మీద జాలి కలుగుతుంది. ఈ రెండు భావాలూ ఒకేసారి మనలో ఉండేట్టు చేయడం మాటలు కాదు.

ఇక శాండ్స్. ఆయన తాత లియోన్ బుక్‌హోల్జ్ 1904లో పుట్టింది లవీవ్‌లో. ఆ ఊరిని జర్మన్‌లో లెంబర్గ్ అనేవారు, పోలిష్‌లో ల్వూఫ్. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. 1914కూ 1944కూ మధ్య ఎనిమిదిసార్లు చేతులు మారిన ఊరు. లియోన్ చిన్నప్పుడే వియన్నాకు, తర్వాత పారిస్‌కు వెళ్లడం వల్ల బతికారు. గలీషియాలో ఉండిపోయిన ఆయనవాళ్లు దాదాపు అందరూ పోయారు. 2010లో లవీవ్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసానికి పిలుపు రావడంతో శాండ్స్ ఆ ఊరి చరిత్రను తవ్వడం మొదలుపెట్టారు. 'మానవాళిపై నేరాలు' అన్న భావనను అంతర్జాతీయ న్యాయంలోకి తెచ్చిన హెర్ష్ లౌటర్‌పాక్ట్, 'జెనొసైడ్' అన్న మాటను సృష్టించిన రఫాయెల్ లెమ్కిన్, ఇద్దరూ అక్కడే లా చదివారని ఆయన గుర్తించారు. ఆ వెతుకులాటలోనే నిక్లాస్, ఆయన ద్వారా హార్స్ట్ పరిచయమయ్యారు. 2016లో వచ్చిన శాండ్స్ పుస్తకం 'ఈస్ట్ వెస్ట్ స్ట్రీట్' కూడా ఈ తవ్వకం నుంచే వచ్చింది.

దీంతో ఈ సినిమాకు ముగ్గురు లాయర్లు దొరికారు: చనిపోయిన తండ్రులిద్దరు, బతికున్న శాండ్స్ ఒకరు. ఆ తండ్రులు చట్టం చదివి, ఆ చదువుతోనే జనానికి పట్టీలు కట్టించి, వాళ్లను గోడల మధ్యకు తోయించి, చావుకు పంపించారు. అదే చట్టం చదివిన మూడోవాడు ఆ కాగితాలనే పట్టుకుని వాళ్ల కొడుకుల ముందు కూర్చున్నాడు. లండన్‌లోని సౌత్‌బ్యాంక్ సెంటర్‌లో, పర్సెల్ రూమ్ అనే హాల్లో, ముగ్గురూ ప్రేక్షకుల ముందు కూర్చుని మాట్లాడుకున్న ఘట్టం ఒకటుంది. ఇంట్లో ఆల్బమ్ తిప్పుతూ చెప్పినప్పుడు చెల్లిన మాటలు, జనం ముందు వేదిక మీద ఎంత డొల్లగా వినిపిస్తాయో అక్కడ తెలుస్తుంది. హార్స్ట్ మాటల్లో కొత్తదేమీ లేదు: నాన్న మంచివాడు, తప్పు వ్యవస్థది, ఆయన చేతుల్లో ఏమీ లేదు. మారింది గది మాత్రమే. ఒకే మాటను వేర్వేరు గదుల్లో వినిపించి దాని బరువు మారడం చూపించే ఈ పద్ధతి సినిమా అంతటా నడుస్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన పనితనం ఇదే.

ఆ పద్ధతి పతాకస్థాయికి చేరేది లవీవ్‌లో. ఒకప్పటి గలీషియా శాసనసభ భవనమే ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయ భవనం. అందులోని పెద్ద హాల్లో 1942 ఆగస్టు 1న హాన్స్ ఫ్రాంక్ ప్రసంగించాడు. సభలో గవర్నర్ వెఖ్టర్ ఉన్నాడు. ఫ్రాంక్ ఆయన్ను మెచ్చుకుంటూ, ఈ ఊళ్లో ఒకప్పుడు వేలకొద్దీ యూదులుండేవారట, ఇవాళ నాకు ఒక్కరూ కనిపించలేదు, వాళ్లతో మీరేమైనా చెడుగా ప్రవర్తించలేదు కదా అన్న ధోరణిలో చమత్కరించాడు. సభలో నవ్వులు విరిశాయని ప్రసంగ పాఠంలోనే రాసి ఉంది. పది రోజులు తిరక్కుండా, ఆగస్టు 10న లెంబర్గ్‌లో యూదుల వేట మొదలైంది. వేలాదిమందిని రైళ్లలో బెల్జెక్ మృత్యు శిబిరానికి పంపించారు.

అదే హాల్లో ఇద్దరి కొడుకులనూ పక్కపక్కన కూర్చోబెట్టి శాండ్స్ ఆ పాఠాన్ని ముందుపెడతారు. ఒకరి తండ్రి మాట్లాడిన మాటలు, వాటిని ఇంకొకరి తండ్రి విన్న చోటే, ఇప్పుడు కొడుకులు వింటున్నారు. కెమెరా ఎక్కడికీ పోదు. హార్స్ట్ ముఖం దగ్గర నిలబడుతుంది. అది మంచి కోర్టు దృశ్యంలా ఉంటుంది, కానీ కోర్టు కాదు. ఇక్కడ శిక్ష లేదు, జరిమానా లేదు. శాండ్స్ అడిగేది ఒక్క వాక్యం: మా నాన్న ఇందులో ఉన్నాడు, ఇది నేరం, అని. హార్స్ట్ ఆ వాక్యం దాకా వస్తారు. మనకు వచ్చేశారనే అనిపిస్తుంది. అంతలోనే పక్కకు తప్పుకుంటారు. ఆ మాటలు ఫ్రాంక్‌వి, నాన్నవి కావు. నాన్న అక్కడున్నా మనసులో ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు. ఇలా ప్రతి కాగితానికీ ఒక సందు వెతుక్కుంటారు. ఎడిటింగ్ ఆ సందులను కత్తిరించకుండా అలాగే ఉంచేసింది. మాటలు తడబడే చోటు, మౌనం పడే చోటు, చూపు తప్పించే చోటు అన్నీ ఉన్నాయి. తీసేసి ఉంటే వాదన పదునెక్కేది, మనిషి మాయమయ్యేవాడు.

తర్వాత లవీవ్ దగ్గరి చిన్న పట్టణం జోవ్క్వా. శాండ్స్ తాతగారి కుటుంబం వేళ్లూనుకున్నది అక్కడే, లౌటర్‌పాక్ట్ పుట్టిందీ అక్కడే. అక్కడి పదిహేడో శతాబ్దపు యూదుల ప్రార్థనాలయాన్ని 1941లో జర్మన్లు తగలబెట్టారు. మందపాటి గోడలు మిగిలాయి. లోపల పెచ్చులూడిన స్తంభాలు, పైనుంచి పడే పలచటి వెలుగు. ఒకప్పుడు తన పూర్వీకులు ప్రార్థన చేసిన ఆ చోట శాండ్స్ మళ్లీ అడుగుతారు. అప్పటిదాకా కాగితాల్లో ఉన్న లెక్కలు ఇక్కడ ఇంటి మనుషులవుతాయి. ఊరి బయట, 1943 మార్చి 25న 3,500 మందిని కాల్చి పూడ్చిన చోటుకు కూడా ముగ్గురూ వెళ్తారు. పూడ్చినవాళ్లలో శాండ్స్ రక్తసంబంధీకులున్నారు. ఆ పచ్చిక మీద కూడా హార్స్ట్ నోట ఆ వాక్యం రాదు. కాగితం చూపిస్తే కాగితంలో సందు వెతికిన మనిషి, నేల చూపిస్తే యుద్ధమంటే ఇంతే, అన్ని వైపులా జనం పోయారు అన్న సామాన్య సత్యంలోకి జారుకుంటాడు. నిక్లాస్ విసుగు ఇక్కడ ఆగ్రహమవుతుంది. ఇన్నాళ్ల స్నేహం కళ్లెదుటే చిట్లిపోతుంది.

ఇక్కడితో ఆపేసి ఉన్నా మంచి సినిమానే అయ్యేది. దీన్ని గొప్ప సినిమా చేసింది ఆ తర్వాతి ఘట్టం. 1943లో వెఖ్టర్ చొరవతో ఉక్రేనియన్ యువకులను చేర్చుకుని గలీషియా పేరుతో ఎస్‌ఎస్ సేనా విభాగం ఒకటి ఏర్పడింది. 1944 జులైలో బ్రోడీ దగ్గర సోవియట్ సేన చేతిలో అది చితికిపోయింది. ఆ విభాగంలో చనిపోయినవాళ్ల స్మరణకు జరిగే సభకు ముగ్గురూ వెళ్తారు. ఆనాటి వేషాలు వేసుకున్నవాళ్లు, వృద్ధులు, పతాకాలు. వెఖ్టర్ కొడుకు వచ్చాడని తెలియగానే జనం ఆదరంగా చుట్టూ చేరతారు. మీ నాన్న మంచివాడు అంటారు. ఇంతకాలం ఎవరి నోట వినాలని హార్స్ట్ తపించారో ఆ మాట అది. ఆయన ముఖం విప్పారుతుంది. సినిమా అంతటా మనం చూడని తేలిక, సంతోషం ఆ ముఖంలో కనిపిస్తాయి.

ఈ ఘట్టాన్ని చివరి వరుసలో పెట్టడంలో నైతికమైన ఆలోచన ఉంది. అప్పటిదాకా హార్స్ట్ నిరాకరణ మనకు ఒక ముసలాయన సొంత దుఃఖంలా, ఆ కోట నాలుగు గోడల మధ్యదిలా కనిపిస్తుంది. పాపం, తండ్రి మీద మమకారం, పోనీలే అనుకునే వీలుంది. ఆ సభలో ఆ వీలు పోతుంది. ఇంటి లోపల ముద్దుగా పెంచుకున్న అబద్ధానికి బయట పెద్ద గిరాకీ ఉందని, దానికి జెండాలు, వేషాలు సిద్ధంగా ఉన్నాయని తెలుస్తుంది. కొడుకు ప్రేమ ఎంత స్వచ్ఛమైనదైనా, ఆ ప్రేమ పుట్టించిన కథను వాడుకునేవాళ్లు వేరే ఉంటారు. దర్శకుడు ఈ మాటను వ్యాఖ్యానంలో చెప్పి ఉంటే ఉపన్యాసమయ్యేది. హార్స్ట్ నవ్వు పక్కన నిక్లాస్ బిగుసుకున్న ముఖాన్ని పెట్టి ఊరుకున్నాడు.

ఈ సినిమా మీద ఒక అభ్యంతరం వినిపిస్తుంది, అది కొట్టిపారేయదగింది కాదు. వయసు మళ్లిన మనిషిని, నేరం చేయని మనిషిని, ఇంతలా నిలదీయడం న్యాయమా? నాన్నను తప్పుపట్టు అని కొడుకును ఒత్తిడి చేసే హక్కు ఎవరికుంది? ఇంటి పెద్దల పేరు నిలబెట్టడమే పిల్లల ధర్మమని విని పెరిగిన మనకు ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగానే తగులుతుంది. దీనికి సినిమా ఇచ్చే జవాబు దాని నిర్మాణంలోనే ఉంది. శాండ్స్ నిష్పాక్షికంగా ఉన్నట్టు అది ఎక్కడా నటించదు. ఆయన ఓపిక నశించడం, గొంతు బిగుసుకోవడం, ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ వేయడం అన్నీ తెర మీద ఉన్నాయి. సినిమాకు కథ రాసిన మనిషి తన లోపాన్ని కూడా కత్తిరించనివ్వలేదు. ప్రశ్నించేవాడికీ గాయముందని చూపించాకే ప్రశ్నకు విలువ వచ్చింది. ఆయన హార్స్ట్‌ను ప్రేమ మానుకోమని ఎక్కడా అడగలేదు. ప్రేమిస్తూనే నిజం చెప్పమన్నారు. ఆ రెండూ ఒకచోట ఇమడవని అనుకున్నది హార్స్ట్.

ఈ కోవలోని తక్కిన సినిమాల పక్కన పెడితే ఎవాన్స్ చేసిన పని ఇంకా స్పష్టమవుతుంది. స్లొవాకియాలో నాజీ రాయబారిగా ఉండి యుద్ధానంతరం ఉరిశిక్ష పడిన హాన్స్ లూడిన్ గురించి, ఆయన కొడుకు మాల్టే లూడిన్ 2005లో తన అక్కచెల్లెళ్లనే నిలదీస్తూ సినిమా తీశాడు. 2006 నాటి 'ఇన్‌హెరిటెన్స్'లో నాజీ నిర్బంధ శిబిరాధికారి ఆమోన్ గోట్ కూతురు, ఒకప్పుడు ఆయన ఇంట్లో బానిసగా బతికిన యూదు స్త్రీని కలుసుకుంటుంది. 2011లో ఇజ్రాయెల్ దర్శకుడు హనోక్ జేవి తీసిన 'హిట్లర్స్ చిల్డ్రన్'లో నిక్లాస్ కూడా కనిపిస్తారు. వీటిలో కొన్నింట నేరస్థుల సంతానమే తమలో తాము తేల్చుకుంటారు, కొన్నింట బాధితులు ఎదురుపడతారు. ఎవాన్స్ సినిమాలో ఒప్పుకున్న కొడుకు, ఒప్పుకోని కొడుకు, బాధితుల మనవడు ముగ్గురూ మొదటి నుంచి చివరిదాకా ఒకే ప్రయాణంలో ఉన్నారు. ఒకే బండిలో తిరిగి, ఒకే నేల మీద నిలబడి, ఒకే కాగితం చదివారు. ఏ ఇద్దరు మాట్లాడుకున్నా మూడోవాడు సాక్షి. అందుకే ఇందులో ఏ మాటా తేలిగ్గా జారిపోదు.

చట్టం నేరాన్ని వారసత్వంగా ఇవ్వదు. ఇది శాండ్స్‌కు అందరికంటే బాగా తెలుసు. హార్స్ట్‌ను ఆయన ఎన్నడూ దోషి అనలేదు. ఈ సినిమా చూశాక నాకు నిలిచిన ఆలోచన అక్కడి నుంచే మొదలవుతుంది. తండ్రి చేసిన నేరం కొడుకుది కాదు. తండ్రి నేరం గురించి కొడుకు చెప్పే మాట మాత్రం కొడుకుదే. ఆ మాటకు అతను ఇవాళ, ఈ తరంలో, బతికున్నవాళ్ల ముందు జవాబుదారీ. ఏ దేశంలోనైనా, ఏ వంశంలోనైనా, పెద్దల చేతుల మీదుగా జరిగిన అన్యాయం గురించి ఎవరైనా కాగితాలతో మన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే మనం ఏం చెబుతాం అన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన సంగతి. ఆ ఆలోచనకు మనిషిని సిద్ధం చేసే సినిమాలు తక్కువ. ఇంత ఓపికగా, ఇంత నిజాయితీగా సిద్ధం చేసేవి మరీ తక్కువ. తప్పకుండా చూడండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడండి, చూశాక మాట్లాడుకోండి.